నా పొడుగుకి ఒక జబ్బు పేరుంది

దగ్గితే రొమ్ము ఎముక కలుక్కుమనడం ఆగిపోయి రెండు వారాలైంది. అరచెయ్యి ఛాతీకి అదుముకోకుండానే నవ్వగలుగుతున్నాను. ఈమాత్రం ధైర్యం ఉన్నప్పుడే రాయాలి, లేకపోతే ఇక రాయలేనేమోనని మొదలుపెట్టాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మిగతాది మాత్రం చెబితే ఈ రాత ఎవరికీ పనికిరాదు.

నా పేరు సుగుణ. అనంతగిరి మండలంలో కాఫీ తోటల మధ్య ఉన్న చిన్న ఊళ్ళో పుట్టాను. ఇప్పుడు అరకులోయలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో బాస్కెట్‌బాల్ కోచ్‌ని. అంతకుముందు పదకొండేళ్ళు ఆ ఆట ఆడే బతికాను. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం.

ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్పోర్ట్స్ హాస్టల్ వాళ్ళు మా బడికి వచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టారు. అప్పటికి నేను ఆ బంతిని తాకనైనా లేదు. వాళ్ళలో ఒకాయన నా చేతులు రెండూ పక్కలకి చాపించి టేపుతో కొలిచాడు. ఆ కొలత నా ఎత్తు కంటే ఎక్కువొచ్చింది. నమ్మకం కలగక మళ్ళీ కొలిచాడు. "దేవుడు ఈ చేతులు ఆటకోసమే ఇచ్చాడమ్మా" అన్నాడు. ఊళ్ళో అప్పటిదాకా నన్ను నిచ్చెన అని పిలిచేవాళ్ళు. నా ఒంటిని చూసి ఒకరు సంతోషపడటం అదే మొదలు.

ఆ చేతులే నన్ను కొండ దింపాయి. రాష్ట్ర జట్టులోకి, ఆ తర్వాత ఆట మీదే ఉద్యోగం ఇచ్చిన ఒక సంస్థ జట్టులోకి తీసుకెళ్ళాయి. రింగు కింద నిలబడి, గురి తప్పిన బంతిని అందరి తలల మీదుగా అందుకోవడం నా పని. ఎంతోమంది నాకంటే వేగంగా పరిగెత్తేవాళ్ళు, నాకంటే బాగా గురి చూసేవాళ్ళు. కానీ నా చెయ్యి చేరిన చోటికి వాళ్ళ చేతులు చేరేవి కావు. మోకాలు పాడయ్యాక కోచింగ్ చదువు చదివి, మా కొండలకే తిరిగొచ్చేశాను. నా భర్త ప్రకాశం కాఫీ రైతుల సంఘంలో పళ్ళు తూచి తీసుకునే పని చేస్తాడు. మాకు ఒక్కతే కూతురు, కెజియా. పద్నాలుగేళ్ళకే ఐదడుగుల పదంగుళాలు. మా బడిలోనే తొమ్మిదో తరగతి, నా జట్టులోనే, నాలాగే రింగు కింద ఆడే సెంటర్. పురిటి మంచం మీద నర్సు దాన్ని నా పక్కన పడుకోబెట్టినప్పుడు ముఖం కంటే ముందు దాని వేళ్ళే చూశాను. నా వేళ్ళే. ఎంత పొంగిపోయానో.

జూలై

వానలు పట్టుకున్నాయి. కోర్టు మీద నాచు పట్టి ఆట ఆగిపోయిన వారంలో బడికి కళ్ళ పరీక్షల వాళ్ళొచ్చారు. విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసుది. పిల్లలందరి పరీక్ష అయ్యాక, "మీరూ కూర్చోండి మేడమ్" అంది. స్కోరు కాగితం మీద గీతలు ఈమధ్య రెండుగా కనిపిస్తున్నాయి, కళ్ళజోడు రాయించుకుందామని కూర్చున్నాను.

ఆమె చాలాసేపు చూసింది. కళ్ళల్లో చుక్కలు వేసి, కాసేపు ఆగి మళ్ళీ చూసింది. ఆ తర్వాత కళ్ళు వదిలేసి నా చేతుల వంక చూసింది.

"బొటనవేలు లోపల పెట్టి గుప్పెట మూయండి" అంది.

మూశాను. వేలి కొన గుప్పెట అవతల నుంచి బయటికొచ్చింది.

"ఇప్పుడు ఆ చేత్తో రెండో చేతి మణికట్టు చుట్టూ పట్టుకోండి."

బొటనవేలు, చిటికెనవేలు ఒకదాన్నొకటి దాటి పోయాయి. చుట్టూ మూగిన పిల్లలు పగలబడి నవ్వారు. "మా మేడమ్ సేతులు అలాగే ఉంతాయి డాక్టరమ్మా!" అంది ఒకతి గొప్పగా. అందరూ తమ మణికట్లు పట్టుకుని చూసుకోవడం మొదలెట్టారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పిల్లల్ని బయటికి పంపమంది.

"మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో, ఉన్నట్టుండి చనిపోయారా?"

మా నాన్న. నాకు తొమ్మిదేళ్ళప్పుడు. కాఫీ పళ్ళ బస్తా కిందికి దించి, నడుం నిటారుగా చేసి, "ఈపు సీలిపోతంది" అన్నాడట. అంతే. కొండదేవత తోవకి అడ్డం నిలబడ్డాడని ఊరు ఊరంతా అంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో ఆయనే పొడుగు మనిషి.

అదంతా చెబుతుంటే డాక్టరమ్మ రాయడం ఆపేసింది. కంట్లో లెన్సు ఉండాల్సిన చోటు నుంచి పక్కకి జరిగిందట. అంత పొడుగు, ఆ చేతులు, ఆ వేళ్ళు, ఆ కన్ను, అన్నీ కలిసి ఒకే జబ్బుకి గుర్తులు కావచ్చట. మార్ఫాన్ సిండ్రోమ్ అని కాగితం మీద రాసింది. "భయపెట్టడం కాదు, కానీ ఆలస్యం చెయ్యకండి. గుండె పరీక్ష చేయించుకోండి" అంది. తన ఫోను నంబరు రాసిచ్చి, నాది తీసుకుంది. లేచేముందు అడిగింది, "మీకు పిల్లలున్నారా?"

"ఒక్క అమ్మాయండీ."

"పొడుగేనా?"

"నా అంతవుతుంది" అన్నాను, ఎప్పుడూ అనే గర్వంతోనే. నోట్లోంచి మాట బయటికొచ్చాక ఆమె ముఖం చూశాను.

ఆగస్టు

ప్రకాశానికి ఆటల ఆఫీసులో మీటింగ్ అని చెప్పి, ఒక్కదాన్నే కిరండూల్ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. బొర్రా, టైడా మధ్య సొరంగాల్లోకి రైలు దూరినప్పుడల్లా బోగీలో పిల్లలు కేకలు పెట్టారు. చిన్నప్పటి నుంచీ ఆ కేకలు నాకిష్టం. ఆ రోజు మాత్రం చీకటి పడగానే మెడ పక్కన కొట్టుకునే నరం మీద వేలు పెట్టుకుని, వెలుగు వచ్చేదాకా తియ్యలేదు.

గుండె డాక్టరు గది బయట వరసగా ఇనప కుర్చీలున్నాయి. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ నాకంటే ముసలివాళ్ళు. "ఎవరికోసం వచ్చావమ్మా?" అని ఒకావిడ అడిగింది. నాకోసమేనని చెప్పడానికి నోరు రాలేదు. "మా నాన్నకోసం" అనేశాను.

ఎకో, అదే గుండె స్కానింగ్, తీసే అమ్మాయి నా ఛాతీ మీద చల్లటి జెల్లు రాసి, కబుర్లు చెబుతూ మొదలుపెట్టింది. కాసేపటికి కబుర్లు ఆగిపోయాయి. లేచి వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చింది. ఇద్దరూ తెర వంక చూస్తూ నిలబడ్డారు. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆటలో ఎన్నోసార్లు చివరి క్షణాల్లో ఫ్రీ త్రో వేశాను. వేల మంది అరుస్తున్నా చెయ్యి వణికేది కాదు. ఆ గదిలో ఇద్దరు మనుషులు మాట్లాడకుండా నిలబడితే మంచం అంచు గట్టిగా పట్టుకున్నాను.

డాక్టరుగారు పెద్దాయన, నిదానస్థుడు. గుండెలోంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళం గోడ పుట్టుకతోనే బలహీనమని, ఏళ్ళ తరబడి రక్తం ఒత్తిడికి మొదలు దగ్గర ఉబ్బిపోయిందని, ఇలాగే వదిలేస్తే ఒకరోజు చీలొచ్చని చెప్పారు. చీలడం అన్న మాట దగ్గర నాకు నాన్న గొంతు వినిపించింది.

"ఆపరేషన్ కావాలి. ఇవాళే కాదు, కానీ ఈ ఏడాది దాటకూడదు. అప్పటిదాకా మాత్రలు. పరుగు వద్దు, బరువు వద్దు, గట్టిగా అరవడం వద్దు."

"నేను కోచ్‌నండీ."

"అయితే కూర్చుని నేర్పండమ్మా." కాగితాలు ఇస్తూ ఆగారు. "మీ అమ్మాయిని ఈ వారంలోనే తీసుకురండి. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి రావడానికి సగం సగం అవకాశం. పరీక్షయ్యేదాకా ఆట ఆపించండి."

సరేనన్నాను.

తీసుకెళ్ళలేదు.

ఇదే నేను చెప్పదలచిన తప్పు. ఇంకో ఐదు వారాల్లో రాష్ట్ర శిబిరానికి ఎంపికలున్నాయి. మా కొండల నుంచి ఆ శిబిరానికి వెళ్ళగలిగిన పిల్ల ఆ ఏడాది కెజియా ఒక్కతే. అది నాలుగేళ్ళుగా దానికోసమే పొద్దున్నే లేస్తోంది. ఎంపికలు అవనీ, ఆ వెంటనే తీసుకెళ్తానని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతేమిటంటే, ఆ గదిలో తెర మీద చూడనంతవరకూ దానికి ఆ జబ్బు లేదు. ఆ చూడనితనాన్ని ఇంకొన్నాళ్ళు ఉంచుకోవాలనిపించింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాత్రలు బియ్యం డబ్బాలో దాచాను. నీళ్ళ బిందె ఎత్తబోయి వదిలేసేదాన్ని. తుమ్ము వస్తే ముక్కు గట్టిగా పట్టుకునేదాన్ని. పిల్లలకి నా విజిల్ ఇచ్చేసి, "ఇకనుంచి మీరే ఊదుకోండి, నాయకత్వం నేర్చుకోండి" అన్నాను. వాళ్ళు సంబరపడిపోయారు. వీపులో ఏ చిన్న నరం పట్టేసినా ఇదేనేమో అనుకునేదాన్ని. అంతకంటే ఘోరం ఏమిటంటే, కోర్టు మీద కెజియా ఎగిరిన ప్రతిసారీ, అది కాళ్ళ మీద దిగేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. అయినా ఆగమని అనలేదు.

"అమ్మా, ఏటే అలగ సూత్తన్నావు? నా షాటు తప్పా?" అని అడిగేది.

"లేదు. బాగుంది. మళ్ళీ వెయ్యి" అనేదాన్ని.

సెప్టెంబరు

ఎంపికలు మైదానంలో, ఎండలో. మొదటి మ్యాచ్ రెండో క్వార్టర్లో అవతలి జట్టు పిల్ల మోచెయ్యి కెజియా ఛాతీకి బలంగా తగిలింది. కెజియా వెల్లకిలా పడింది.

నాకు ఆ తర్వాత చప్పుళ్ళేవీ వినపడలేదు. పరిగెత్తకూడదన్న సంగతి కూడా గుర్తు లేదు, కోర్టు మధ్యలో ఉన్నాను. మోకాళ్ళ మీద కూలబడి దాని ముఖం పట్టుకున్నాను. అది కళ్ళు తెరిచి, సిగ్గుపడిపోయి, "లే అమ్మా, అందరూ సూత్తన్నారు" అంది. దానంతట అదే లేచి ఒళ్ళు దులుపుకుంది. రిఫరీ ఆడగలవా అని అడిగాడు. అది నా వంక కూడా చూడకుండా తలూపింది.

ఆ ఒక్క క్షణంలో నేను వద్దనొచ్చు. కోచ్‌ని, తల్లిని, ఆ మైదానంలో ఆ నిజం తెలిసిన ఏకైక మనిషిని. లేచి గీత బయటికొచ్చేశాను. ఆట మొదలైంది.

సాయంత్రం జాబితాలో దాని పేరు మూడోది. పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. దాని గుండె నా గుండె మీద దడదడా కొట్టుకుంటోంది. "ఏడుత్తన్నావేటే? గెలిసాం కదే" అంది. అందరూ నాది ఆనందం అనుకున్నారు.

ఇంటికొచ్చిన నాలుగో రోజున నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా ఫోను మోగింది. ప్రకాశం తీశాడు. కళ్ళ డాక్టరమ్మ. అది ఆమె మూడోసారి చేసిన ఫోను, ముందు రెండుసార్లూ నేను తియ్యలేదు. "పాపకి గుండె పరీక్ష చేయించారా?" అని అడిగిందట. ఏ పరీక్ష అని ఈయన అడిగాడట.

తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి నా కాగితాలన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి. మాత్రలు కూడా. ప్రకాశం ఎప్పుడూ గొంతు పెంచడు. అప్పుడూ పెంచలేదు.

"ఎన్నాళ్ళైంది?"

"ఆగస్టులో."

"నీకు పేనం మీదకొచ్చిందని నాకు సెప్పలేదు. పోనీ, నీ ఒల్లు నీ ఇట్టం. ఆ గుంటని ఎందుకు పరిగెట్టించినావు?"

తడి తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

"నువ్వు దానికి తల్లివా, కోచ్‌వా? ఏటో ఒకటి సెప్పు, సుగుణా."

"నాకు భయమేసింది" అన్నాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

ఆయన మంచం పట్టె మీద కూర్చుని, నా కాగితాలన్నీ ఒక్కొక్కటే మడిచి కవర్లో పెట్టాడు. లేచి, "రేపు బండికి ముగ్గురం ఎల్తన్నాం. బేగి సర్దు" అని మాత్రం అన్నాడు.

అక్టోబరు

ఒక్క రోజులో అవలేదు. ఆ మొదటిరోజు డాక్టరుగారు లేరు. రాసిచ్చిన తేదీకి మళ్ళీ దిగాం. ఈలోగా కెజియాకి కాలు పట్టేసిందని బడిలో చెప్పి ఆట ఆపించాం. అది గొడవ పెట్టింది, ఏడ్చింది, చివరికి ఏదో ఉందని పసిగట్టి మాట్లాడ్డం తగ్గించేసింది.

అవే ఇనప కుర్చీలు. ఈసారి ముగ్గురం. మా పక్కన పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకామె సంచిలోంచి సీతాఫలం తీసి కెజియా చేతిలో పెట్టింది. "తిను తల్లీ. ఆస్పత్రిలో ఆకలితో కూసుంతే బయం ఎక్కువైపోతాది" అంది. తనెవరో, ఎవరికి జబ్బో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. కెజియా ఒక్కొక్క గింజే అరచేతిలోకి ఉమ్ముకుంటూ నెమ్మదిగా తింది. పేరు పిలిచేసరికి ఆ గింజల కోసం ఆమే తన చెయ్యి చాపింది.

ఎకో గదిలోకి తల్లి ఒక్కతే రావచ్చన్నారు. తెర వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. అప్పటికి నా కాగితాల్లోని గుండె బొమ్మ చూసి చూసి, ఎక్కడ వెడల్పవకూడదో నాకు తెలిసిపోయింది. ఆ అమ్మాయి గీతలు గీసి కొలుస్తోంది. ఒకసారి కొలిచి, చెరిపి, మళ్ళీ కొలిచింది. నాకు తెలిసిపోయింది.

డాక్టరుగారు నేరుగా కెజియాతోనే మాట్లాడారు. అందుకు ఆయనకి ఎప్పటికీ నమస్కారం పెడతాను. "మీ అమ్మకున్న జబ్బే నీకూ ఉందమ్మా. కొంచెమే. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. రోజూ ఒక మాత్ర, ఆరు నెలలకోసారి నా దగ్గరికి. చదువుకోవచ్చు, నడవొచ్చు, ఉద్యోగం చెయ్యొచ్చు. మ్యాచ్‌లు మాత్రం ఆడకూడదు."

"శిబిరానికి ఎల్లొచ్చా?"

"వద్దమ్మా."

"ఒక్కసారి?"

ఆయన తల అడ్డంగా ఊపారు. అది ఏడవలేదు. "మా అమ్మకి ఎప్పట్నించి తెలుసు?" అని అడిగింది. ఆయన నా వంక చూశారు.

"ఆగస్టు నుంచి" అన్నాను. "ఎంపికలకి ముందే."

కెజియా తిరుగు రైల్లో కిటికీ వైపు జరిగి కూర్చుంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత పదకొండు రోజులు మాట్లాడలేదు. అన్నం వాళ్ళ నాన్నని అడిగేది. తన బూట్లు, జెర్సీ సంచిలో పెట్టి మూటకట్టి అటక మీదకి విసిరేసింది. నేను దానికి నచ్చజెప్పబోలేదు. ఏం చెప్పి నచ్చజెప్పాలి? దాని కోపం న్యాయమైనదే. పైగా దానికి ఆ జబ్బు ఇచ్చింది నేనే. తప్పు చేసి ఇవ్వలేదు, తెలిసి ఇవ్వలేదు, అయినా ఇచ్చింది నేనే.

నవంబరు

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక అమ్మని ఊరు నుంచి తీసుకొచ్చాం. నాన్న సంగతి ఆమెకి చెప్పాలి. పొయ్యి దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని, నాకు డాక్టరు చెప్పినట్టే చెప్పాను. నాన్న గుండె గొట్టం పుట్టుకతోనే పల్చన. అది చీలింది. దేవతకీ దానికీ సంబంధం లేదు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"దేవత అని నానెప్పుడూ అనుకోలేదే" అంది. "నా నోరే అనుకున్నాను."

"నీ నోరేటి?"

"ఆ పొద్దున్న తిట్టినాను. ఈపు నొప్పిగా ఉందే, ఈయేల ఎల్లను అన్నాడు. పని తప్పించుకుంతన్నాడనుకున్నాను. 'ఎల్లి ఆ బస్తా మోసీసి సావు' అనీసినాను. అలాగే ఎల్లి, మోసీసి సచ్చిపోనాడు."

ముప్ఫై ఏళ్ళ పైమాటే. ఒక్కసారి కూడా ఈ మాట నాతో అనలేదు. నేను ఆమె మోకాలు పట్టుకుని, "అమ్మా, నీ మాట వల్ల కాదు, ఆ రోజు కాకపోతే ఇంకో రోజు" అన్నాను.

"అప్పుడే డాక్టరికి సూపిత్తే బతికీవోడేటి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. అప్పటికే ఆ ఏడాదికి సరిపడా అబద్ధాలు ఆడేశాను. "తెలీదమ్మా. అప్పట్లో కనిపెట్టేవాళ్ళో లేదో" అన్నాను.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గుమ్మంలో కెజియా నిలబడి ఉందని నేను చూడలేదు. అది లోపలికొచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, మిగిలిన చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టింది. నా వంక చూడలేదు. కానీ లేచి వెళ్ళిపోనూ లేదు.

డిసెంబరు

ఆపరేషన్ ముందు రోజు. ఆస్పత్రి మంచం నాకు చాలలేదు. కాళ్ళు మడమల దాకా అవతలికి వచ్చేశాయి. ఒక నర్సు చూసి, ఎక్కడి నుంచో స్టూలు తెచ్చి, దుప్పటి మడతేసి మంచం చివర పెట్టింది. "మీకోసం కొలిచి చేయించాలండీ మేడమ్" అని నవ్వింది. ఇంత చిన్న విషయానికి నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఒళ్ళంతా భయం నిండి ఉన్నప్పుడు కోపగించిన వాళ్ళని తట్టుకోవచ్చు, దయ చూపించిన వాళ్ళని తట్టుకోవడం కష్టం.

సంతకాలు పెట్టించుకున్నారు. గుండెని కాసేపు ఆపుతారట. ఆ వాక్యం చదివాక కింద ఏముందో చదవలేదు. ప్రకాశానికి పనులు చెప్పడం మొదలుపెట్టాను. కెజియా మాత్ర పొద్దున్నే, టిఫిన్ తర్వాత. దాని తనిఖీ ఏప్రిల్లో. నేనున్నా లేకపోయినా ఏప్రిల్లో. ఆయన వింటూ, అన్నిటికీ "అలాగే" అంటూ, నా పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. ఆ సెప్టెంబరు తర్వాత ఆయన నన్ను తాకింది అప్పుడే.

సాయంత్రం చూడ్డానికి వచ్చే వేళ కెజియా వచ్చింది. మంచం పక్కన నిలబడి, గోడకున్న గడియారం చూస్తూ అంది:

"నాకు కోపం తగ్గలేదు."

"సరే."

"ఎప్పుడు తగ్గుతాదో కూడా నాకు తెల్దు."

"సరే తల్లీ."

"అయినా నువ్వు సచ్చిపోకు."

అని బయటికెళ్ళిపోయింది. వరండాలో దాని ఏడుపు వినిపించింది. నేను లేవలేకపోయాను, చేతికి సూది ఉంది.

మరునాడు తోసుకెళ్ళే బండి మీద పైకప్పు దీపాలు ఒక్కొక్కటే దాటుతుంటే ప్రార్థన చేద్దామనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన ప్రార్థనలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అది ఏప్రిల్లో వెళ్ళాలి, అది ఏప్రిల్లో వెళ్ళాలి" అనుకుంటూ లోపలికి వెళ్ళాను.

మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం. మాట లేదు. ఊపిరి నేను తీసుకోవడం లేదు, నాకోసం ఏదో తీస్తోంది. అంతకు ముందు పడిన భయాలన్నీ కలిపినా ఆ భయానికి సాటి రావు. లేచి పారిపోవాలనిపించింది. కట్టేసినట్టుంది. అప్పుడు ఒక చెయ్యి నా చేతిని పట్టుకుని, "అయిపోయిందమ్మా, బాగా అయింది. వింటే నా వేలు నొక్కండి" అంది. ఎవరి చెయ్యో నాకు తెలియదు. నొక్కాను. ఆ మనిషి నేను మళ్ళీ నిద్రలోకి జారేదాకా వేలు తీసుకోలేదు.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పను. దగ్గు వస్తే మడతపెట్టిన దుప్పటి ఛాతీకి హత్తుకోవాలి. దగ్గకపోతే కఫం చేరుతుంది, దగ్గితే ఎముక విడిపోతుందేమోనన్న భయం. మంచం మీద నుంచి కుర్చీకి నాలుగడుగులు. ఒకప్పుడు నలభై నిమిషాలు పరిగెత్తిన మనిషిని, ఆ నాలుగడుగులకి చెమటలు పట్టి కూలబడ్డాను. ఒక రోజు బాగుండేది. మరునాడు ఏ కారణమూ లేకుండా పొద్దుటి నుంచి ఏడుపు. ఇదంతా మామూలేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంత బెదిరిపోయేదాన్ని కాదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఫిబ్రవరి

బడికి వెళ్ళాను. కోర్టు పక్కన కుర్చీ వేశారు. అరవను, ఎగరను. పిల్లలు దగ్గరికొచ్చి అడుగుతారు, నేను నెమ్మదిగా చెబుతాను. విచిత్రం, ఇలా చెబితే ఇంకా శ్రద్ధగా వింటున్నారు.

ఎంపిక చేసే పద్ధతి మార్చుకున్నాను. పొడుగు పిల్ల కనిపిస్తే ఇప్పటికీ మనసు ఎగురుతుంది, అది చావదు. కానీ ఇప్పుడు ముందు వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిపించి అడుగుతాను. ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా? ఈ పిల్లకి చూపు ఎలా ఉంది? అనుమానం ఉంటే పరీక్షకి పంపిస్తాను. ఇప్పటిదాకా ఇద్దర్ని పంపాను. ఇద్దరికీ ఏమీ లేదు. వాళ్ళిద్దరూ ఉత్త పొడుగు పిల్లలు. ఫలితం తెలిసిన రోజున ఆ తల్లుల కంటే నేనే ఎక్కువ కుదుటపడ్డాను.

పొడుగున్న వాళ్ళందరికీ ఇది ఉండదు. దయచేసి ఇది చదివి మీ పిల్లల చేతులు కొలిచి బెదిరిపోకండి. కానీ మీ ఇంట్లో మా నాన్న చావులాంటిది ఒకటి ఉంటే, దాని గురించి ఊరు చెప్పిన కారణంతో ఊరుకోకండి. ఒకసారి డాక్టరుతో చెప్పండి. చేయించమన్న పరీక్షని వాయిదా వెయ్యకండి. నేను వేసిన ఐదు వారాలు ఏమీ కాకుండా గడిచాయి. అది నా తెలివి కాదు, నా అదృష్టం. అలాంటి అదృష్టం మీద పిల్లల్ని నిలబెట్టకూడదు.

కెజియా కోర్టు వైపు రాదు. బడి వదలగానే వెనక దారిన ఇంటికి వెళ్ళిపోతుంది. స్కోరు రాయమని టీచర్లు అడిగారట, రాయనంది. బంతి చప్పుడు వినపడితే కిటికీ మూసేస్తుంది. దాని సంగతి ఒక మంచి మలుపుతో చెప్పాలని నాకూ ఉంది. ఇంకా అలాంటిది రాలేదు.

ఏప్రిల్

మొన్న దాని ఆరు నెలల తనిఖీ. ప్రకాశానికి కాఫీ గింజల లెక్కల పని పడి రాలేకపోయాడు. మేమిద్దరమే వెళ్ళాం. అవే కుర్చీలు. పేర్లు పిలుస్తున్నారు. నవ్వు ముఖం పెట్టుకుని, "ఏమీ కాదులే, అంతా బాగుంటుంది" అన్నాను.

కెజియా నావైపు తిరిగింది. "నీకు నిజంగా అలగనిపిత్తందా?"

నవ్వు ఆపేశాను.

"లేదు. చాలా భయంగా ఉంది."

"నాకూ" అంది. "అలగైతే అలగే సెప్పు. నువ్వు నవ్వితే నాకు ఇంకా బయమేత్తంది" అంది.

లోపల, ఎకో తీసే అమ్మాయి ఒకసారి కొలిచింది. ఈసారి చెరిపి మళ్ళీ కొలవలేదు. డాక్టరుగారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, "పెరగలేదు. ఎలా ఉందో అలాగే ఉంది. అక్టోబరులో రండి" అన్నారు. నా కుట్లు కూడా చూసి బాగా మానాయన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. అక్కడే మెట్టు మీద కూర్చున్నాం.

"మళ్ళీ అక్టోబర్లో ఇలాగే ఉంతాదా?" అంది కెజియా.

"ఉంటుంది."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ అనుకుంటాను."

అది తలూపింది. ఎవరో లోపలికి వెళ్తూ దారి ఇమ్మంటే, జరిగి నాకు ఆనుకుని కూర్చుంది. ఆ మనిషి వెళ్ళిపోయాక కూడా పక్కకి జరగలేదు.

"ఆకలేత్తంది" అంది. "బండికి ఇంకా టైముంది కదా, ఏటైనా తినీసి ఎల్దాం."